ఒక గొంతులో రెండు స్వరాలు

తునికాకు కోతల రోజులు. భద్రాచలం నుండి దుమ్ముగూడెం వెళ్ళే దారిలో రోడ్డు దిగి, మట్టిబాటన కొంత దూరం నడిస్తే వచ్చే ఒక చిన్న ఊరికి, సెలవుల బైబిలు బడిలో పాటలు నేర్పడానికి వెళ్ళాను. పెద్దలంతా తెల్లవారకముందే అడవికి పోయి, ఆకు కోసి తెచ్చి, కట్టలు కట్టి, కల్లంలో అప్పజెప్పి వచ్చేసరికి పొద్దు గుంకేది. అందుకని యవ్వనస్థుల పాటల అభ్యాసం రాత్రి భోజనాలయ్యాకే పెట్టుకున్నాం.

మూడో రాత్రి అనుకుంటాను. అభ్యాసం ముగిసి చాపలు చుడుతుండగా, ఇంటరు చదివే ఒక అబ్బాయి తన సెల్‌ఫోను తెచ్చి, "సార్, ఇది వినండి. ఒక్క మనిషే పాడుతున్నాడంట" అన్నాడు. విన్నాం. అడుగున తుమ్మెద రొదలాంటి మోత ఒకటి ఆగకుండా సాగుతోంది. దానిమీద, ఎక్కడో పైనుండి, సన్నని ఈల పాటలాగా కదులుతోంది. మోత ఆగితే ఈలా ఆగిపోతోంది. మళ్ళీ మోత, మళ్ళీ ఈల.

"వెనకాల ఇంకొకడెవరో పిల్లనగ్రోవి ఊదుతున్నాడు" అన్నారొకరు. "మిషను పెట్టి చేసుంటారు" అన్నారింకొకరు. స్త్రీల సమాజం పెద్దమ్మ ఒకావిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని, "అది మనిషి గొంతు కాదు బాబూ, ఆపెయ్యి. రాత్రిపూట ఎందుకు" అన్నది. అరుగు మీద గోడకానుకుని కూర్చున్న ఒక కోయ తాత మాత్రం ఇంకోసారి వేయమన్నాడు. చెవి దగ్గర పెట్టుకుని విని, "ఏముంది, కొమ్ము ఊదినట్టే ఉంది గదా" అన్నాడు.

ఆ రాత్రి ఆ మాటను నేను పెద్దగా పట్టించుకోలేదు. ఇంటికి వచ్చాక నాలుగు పుస్తకాలు తిరగేసిన మీదట, మా అందరిలో సరిగ్గా విన్నది ఆ తాత ఒక్కడేనని అర్థమయింది.

ఆ పాట తువా అనే దేశానిది. దేశమంటే ఇప్పుడు స్వతంత్ర దేశం కాదు. రష్యాలో సైబీరియా దక్షిణ భాగాన, మంగోలియాకు ఉత్తరాన ఉన్న ఒక చిన్న గణతంత్రం. 1944లో సోవియట్ యూనియన్‌లో కలిసింది. దాని ముఖ్య పట్టణం కిజిల్. గొర్రెలు, గుర్రాలు, జడల బర్రెలు మేపుకునే జనం. గాలి వీచే కొండ చరియల్లో, వాగుల పక్కన తిరిగే కాపరులు, ఆ గాలినీ ఆ నీటినీ గొంతుతో అనుకరించడంలోనుండి ఈ పాట పుట్టిందని వారు చెప్పుకుంటారు. దాన్ని వారు ఖూమెయి అంటారు. పక్కనున్న మంగోలియాలోనూ ఈ విద్య ఉంది. మంగోలియా వారి ఖూమీని 2010లో యునెస్కో మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇక ఒక గొంతులోనుండి రెండు స్వరాలు ఎలా వస్తాయన్న సంగతి. తాత చెప్పిన కొమ్ము దగ్గరే మొదలుపెడదాం.

జాతరల్లో, ఊరేగింపుల్లో ఊదే ఇత్తడి కొమ్మును మీరు చూసే ఉంటారు. దానికి పిల్లనగ్రోవికి ఉన్నట్టు రంధ్రాలుండవు, సన్నాయికి ఉన్నట్టు వేళ్ళు కదిలించే చోటుండదు. వట్టి గొట్టం. అయినా ఊదేవాడు పెదవుల బిగువు మార్చి అందులోనుండే మూడు నాలుగు స్వరాలు తీస్తాడు. అవి ఏవి పడితే అవి రావు. షడ్జమం, దానిమీద పంచమం, ఆ పైన మళ్ళీ షడ్జమం, ఇంకా పైకి పోగలిగితే గాంధారం. ఇలాంటి ఏ కొమ్ముకైనా ఇదే వరుస. ఇది మనిషి పెట్టిన వరుస కాదు, సృష్టిలో ఉన్నదే.

మన గొంతులోనూ అదే వరుస ఉంది. మీరు ఒక స్వరం పట్టి "ఆ" అన్నారనుకోండి. గొంతులోని స్వరతంత్రులు సెకనుకు 100 సార్లు కొట్టుకుంటున్నాయనుకుందాం. బయటికి వచ్చే నాదంలో ఆ 100తో పాటు 200, 300, 400, 500 ఇలా పై స్వరాలన్నీ కలిసే వస్తాయి. ఇంటరు భౌతికశాస్త్రం పుస్తకాల్లో వీటినే అనుస్వరాలు, అతిస్వరాలు అని రాస్తారు. చెవి వాటిని విడిగా వినదు. మూటగట్టి "ఇది మా నాన్న గొంతు", "ఇది మా పాస్టరుగారి గొంతు" అని గుర్తుపడుతుందంతే. "ఆ"కూ "ఈ"కీ తేడా తెలిసేది కూడా వీటివల్లనే. నాలుక, పెదవులు, దవడ కదిలినప్పుడు నోటి లోపలి గది ఆకారం మారి కొన్ని పై స్వరాలు బలపడతాయి, కొన్ని తగ్గుతాయి. అంటే మాట్లాడే ప్రతి మనిషీ రోజంతా ఈ పని చేస్తూనే ఉన్నాడు. తువా గాయకుడు చేసేదల్లా, ఆ మూటలోనుండి ఒక్క స్వరాన్ని ఎంచి, మిగతావాటికంటే ఎన్నో రెట్లు పైకెత్తి పట్టుకోవడం.

ఎలా ఎత్తుతాడన్నది నిన్నమొన్నటి దాకా సరిగా తేలలేదు. 2020లో వెలువడిన ఒక పరిశోధనలో తువా గాయకులు పాడుతుండగా ధ్వనిని కొలిచారు, ఒక గాయకుణ్ణి ఎమ్మారై యంత్రంలో పడుకోబెట్టి నోటి లోపలి ఆకారం కూడా చూశారు. మామూలుగా నోటిలో రెండు వేర్వేరు చోట్ల బలపడే ధ్వనులను వారు నాలుకతో దారి ఇరుకు చేసి ఒక్కచోటికి తెచ్చి కలిపేస్తున్నారని తేలింది. రెండు పాయలు ఒక సందులో కలిస్తే నీళ్ళు ఎంత ఉరవడిగా దూకుతాయో గోదావరి ఒడ్డువారికి నేను చెప్పనక్కరలేదు.

ఇంకొక ముచ్చట. తువా వారు పాటకు ఎక్కువగా వాడుకునేది ఆరు, ఎనిమిది, తొమ్మిది, పది, పన్నెండో వరుసల స్వరాలు. ఏడునూ పదకొండునూ వదిలేస్తారు. మన లెక్కలోకి తెస్తే అవి మంద్ర పంచమం, షడ్జమం, రిషభం, గాంధారం, పంచమం అవుతాయి. పదమూడోది కూడా అందుకుంటే సుమారుగా ధైవతం. కీర్తనలు నేర్చినవారికి ఇప్పటికే తట్టి ఉండాలి, ఇవి మోహన రాగ స్వరాలకు దగ్గరివి! సైబీరియా గొర్రెల కాపరి పాట మన చెవికి అంత పరాయిగా తోచకపోవడానికి ఇదొక కారణమేమో అనిపించింది.

అంత దూరం పోవడమెందుకు, తంబూరా చూడండి. శ్రుతి చేసిన తంబూరాలో మంద్ర షడ్జమం తీగను మీటి ఊరుకుంటే, ఎవరూ మీటని గాంధారం దానంతటదే మోగుతుంది. సంగీతం తెలిసినవారు దాన్ని స్వయంభూ గాంధారమంటారు. తీగ కింద పెట్టే నూలుపోగు దాన్ని ఇంకా స్పష్టంగా పలికిస్తుంది. అది ఆ తీగ తాలూకు అయిదో అనుస్వరం. కీబోర్డు మీద నొక్కే గాంధారం దానికంటే కొంచెం హెచ్చుగా ఉంటుంది. కీబోర్డుకే అలవాటుపడిన పిల్లలకు ఒకసారి తంబూరా వినిపిస్తే తేడా వారికే తెలుస్తుంది. మోర్సింగ్ కూడా ఇలాంటిదే. ఉన్నది ఒక్క ఇనుప నాలుక, స్వరాలన్నీ వాయించేవాడి నోటిలో.

రాజస్థాన్‌లో 1967లో జాన్ లెవీ అనే ఆయన ఒక గాయకుడి పాట రికార్డు చేశాడు. అక్కడి సతారా అనే జంట పిల్లనగ్రోవిని ఆ గాయకుడు ఒక్క గొంతుతో అనుకరించాడు. మన దేశంలో దొరికిన అరుదైన ఉదాహరణ అది. దక్షిణాఫ్రికాలో ఖోసా స్త్రీలు ఇలాగే రెండు స్వరాలు పాడతారు. ఇటలీకి చెందిన సార్డీనియా దీవిలో నలుగురు మగవారు కూడి పాడే పాటలో, బొంగురుగా అడుగు స్వరం పట్టేవారు వాడేది కూడా ఇలాంటి గొంతే.

ఈ బొంగురు గొంతు వేరే విద్య. స్వరతంత్రులకు కొంచెం పైన మరో జత మడతలున్నాయి. మామూలుగా అవి పాటలో పాల్గొనవు. దగ్గినప్పుడో, బరువెత్తినప్పుడో బిగుసుకుంటాయి. వాటిని కూడా అదుపుగా కంపింపజేస్తే, అసలు తంత్రులు రెండుసార్లు కొట్టుకునే లోపల ఇవి ఒకసారి కొట్టుకుని, స్వరం ఒక స్థాయి కిందికి దిగినట్టు వినబడుతుంది. తువా వారు దీన్ని కర్గిరా అంటారు. పెద్దమ్మ భయపడింది ఈ గొంతును విన్నట్టయితే ఇంకా భయపడి ఉండేది. టిబెట్ బౌద్ధ సన్యాసులలో గ్యూతో, గ్యూమె మఠాలవారు మంత్రాలు చదివేది ఇటువంటి లోతు గొంతుతోనే. వారు 1959 తరువాత మన దేశానికి వచ్చారు. గ్యూమె మఠం ఇప్పుడు కర్ణాటకలోని హున్సూరు దగ్గర ఉంది. 1964లో వారి గొంతును లోకానికి తెలియజేసినవాడు హస్టన్ స్మిత్. చైనాలో మెథడిస్టు మిషనరీల ఇంట పుట్టి పెరిగి, మతాల గురించి పాఠాలు చెప్పే ప్రొఫెసరయ్యాడు. తెల్లవారుజామున ఆ ప్రార్థన విని, ఒక్కొక్క సన్యాసి ఒక్కడే అనేక స్వరాలు పలుకుతున్నాడని గుర్తించి, టేపు చేసుకుపోయి, ధ్వనిశాస్త్రం తెలిసిన ఇద్దరితో కలిసి 1967లో వ్యాసం రాశాడు. మిషనరీ కొడుకు విని పారిపోలేదు, చెవొగ్గి కూర్చున్నాడు.

"మరి మనం పాడవచ్చునా?" అని ఆ ఊళ్ళో నన్ను నిజంగానే అడిగారు. నాకు తోచింది చెప్పాను. గొంతు ఒక అవయవం. దానితో ఏ మాట పాడుతున్నామన్నది వేరు, ఎలా పాడుతున్నామన్నది వేరు. ఈల వేయడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. మూఢనమ్మకమైతే తువాలోనూ ఉంది. స్త్రీలు పాడితే సంతానం కలగదని అక్కడ చెప్పేవారు. ఆ మాట లెక్కచేయక 1998లో కొందరు స్త్రీలు తువా కిజి అనే బృందం కట్టుకుని పాడుతూ వచ్చారు. ఈ సంగతి చెప్తే పెద్దమ్మ కొంగు తీసి నవ్వింది. "ఏ దేశం పోయినా ఆడవాళ్ళ మీదే" అన్నది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి చెప్తాను. పాల్ పెన్యా అనే ఒక అమెరికా గాయకుడి కథ ఇది.

ఆయన పుట్టుకతోనే కంటి జబ్బు ఉన్నవాడు. యవ్వనానికి వచ్చేసరికి చూపు పూర్తిగా పోయింది. గిటారు వాయించి బ్లూస్ పాటలు పాడేవాడు. ఆయన రాసిన ఒక పాట 1977లో వేరే బృందం పాడగా దేశమంతా మోగింది. ఆయన మాత్రం శాన్ ఫ్రాన్సిస్కోలో సామాన్యంగానే బ్రతికాడు. 1984 డిసెంబరులో ఒక రాత్రి కొరియా భాషా పాఠం కోసం షార్ట్‌వేవ్ రేడియో తిప్పుతుంటే, మాస్కో రేడియోలో ఈ గొంతు వినబడింది. మన ఇళ్ళలో సిలోను కోసం తిప్పినట్టే ఆయనా ముల్లు తిప్పుతుంటే దొరికింది. అది ఏ దేశం పాటో, ఏ పేరో సరిగా అందలేదు. ఏళ్ళ తరబడి వెతికాడు. చివరకు ఒక అంగడిలో తువా పాటల డిస్కు దొరికింది.

నేర్పేవారు లేరు. పుస్తకమున్నా చదవలేడు. ఆ డిస్కును పదే పదే వేసుకుని, గొంతును అటూ ఇటూ మార్చి చూసుకుంటూ, వినబడినదానికీ తన నోటిలో పుట్టినదానికీ పోల్చుకుంటూ పట్టేశాడు. బ్లూస్ పాడేవారి గరగర గొంతు ఆయనకు ముందే ఉండటం కలిసివచ్చింది. అంతటితో ఆగక, ఆ మాటల అర్థం కావాలని తువా భాష నేర్చుకోవడానికి కూర్చున్నాడు. తువా నుండి ఇంగ్లీషుకు నిఘంటువు దొరకలేదు. తువా నుండి రష్యనుకు ఒకటి, రష్యను నుండి ఇంగ్లీషుకు ఇంకొకటి తెచ్చుకుని, అచ్చు అక్షరాలను వేలికి తగిలేలా చేసే ఒక పరికరంతో ఒక్కొక్క మాటనే తడుముకుంటూ నేర్చాడు. ఆ మధ్యలోనే భార్యను పోగొట్టుకున్నాడు.

1993లో కొంగర్-ఓల్ ఓందార్ అనే పేరుమోసిన తువా గాయకుడు అమెరికా వచ్చినప్పుడు, ఈయన వెళ్ళి ఆయన ఎదుటే కర్గిరా పాడాడు. ఓందార్ ఆశ్చర్యపోయి తువాకు రమ్మన్నాడు. 1995లో కిజిల్‌లో జరిగిన పోటీలో ఈ అంధుడు కర్గిరా విభాగంలో మొదటి బహుమతి పొందాడు. ఆయన గొంతు లోతు విని అక్కడి జనం ఆయనకు భూకంపం అని పేరు పెట్టుకున్నారు. ఆ ప్రయాణం మీద తీసిన సినిమా 1999లో వచ్చింది. పెన్యా 2005లో చనిపోయాడు.

ఈ కథ విన్న మర్నాటి నుండి మన ఇంటరు అబ్బాయి వదలలేదు. అందుచేత మేము చేసినదేమిటో, మీ పిల్లలు అడిగితే చెప్పడానికి పనికొస్తుందని రాస్తున్నాను.

నీళ్ళు అడుగంటిన ఒక పాత దిగుడుబావి ఉన్నది ఆ ఊళ్ళో. దాని మెట్ల మీద కూర్చున్నాం. చుట్టూ రాతి గోడ ఉండటం మంచిది, సన్నని పై స్వరాలు తిరిగి చెవిన పడతాయి. బావి లేనివారు గోడ మూలకు ముఖం పెట్టి కూర్చోవచ్చు. మాట్లాడే శ్రుతిలో, హాయిగా, ఒక్క స్వరం పట్టాలి. ఆ స్వరం కదలకూడదు. దానిమీద "ఊ" నుండి "ఓ", "ఆ", "ఏ", "ఈ" వరకు చాలా మెల్లగా, ఒక్క ఊపిరిలో జారాలి. ఎంత మెల్లగా అంటే, ఒక అచ్చుకూ ఇంకొక అచ్చుకూ మధ్య పేరులేని చోట్లన్నీ తెలియాలి. అలా జారుతుంటే మొదట ఏమీ వినబడదు. తరువాత ఎప్పుడో, అడుగు స్వరం మీద సన్నని మెట్లు ఎక్కుతున్నట్టు చప్పుడు వినబడుతుంది. వినబడిందా, సగం పని అయిపోయినట్టే. వినబడనిదాన్ని నోరు వెతకలేదు.

తరువాతది నాలుక పని. నాలుక కొసను పైకెత్తి "ళ" అనబోయి ఆగినట్టు పట్టుకుని, నాలుక అంచులు పై దంతాలను ఆనుకునేటట్టు చూసి, పెదవులు ముందుకు చాచి, కొంచెం ముక్కుతో కలిపి నాదం వదలాలి. ఇంగ్లీషువారికి "ళ" నేర్పడానికే నెల పడుతుంది. మన పిల్లలకు అది పాలతో వచ్చింది. ఆ తరువాత నాలుక వెనుక భాగాన్ని, పెదవుల గుండ్రాన్ని వెంట్రుకవాసి మార్చుకుంటూ పోతే ఈల కదులుతుంది.

నలభై ఏళ్ళుగా గుడిలో పాడుతున్నాను. నాకు నాలుగు రోజుల పాటు ఏమీ రాలేదు, ముక్కులోనుండి ఎద్దు రంకెలాంటిది తప్ప. పిల్లలు నవ్వుకున్నారు. ఆ అబ్బాయికి అయిదో రోజు ఒక్క క్షణం వచ్చి పోయింది. ఎనిమిదో రోజు నాటికి రెండు మూడు స్వరాలు నిలబెట్టగలిగాడు. గొంతు విచ్చుకున్న మగపిల్లలకు ఇది కొంత సులువు. అడుగు శ్రుతి తగ్గినకొద్దీ పై స్వరాలు దగ్గర దగ్గరగా ఉండి ఎంచుకోవడానికి ఎక్కువ దొరుకుతాయి. హెచ్చు శ్రుతి గొంతులవారికి మెట్లు దూరదూరంగా ఉంటాయి.

గొంతు విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈల విద్యలో గొంతుకు ఏ బాధా ఉండకూడదు. బొంగురు గొంతును మాత్రం నేర్పేవారు దగ్గర లేకుండా పిల్లలు ప్రయత్నించకపోవడమే మంచిదని నా అభిప్రాయం. పెన్యా చేశాడు గదా అంటారు. పెన్యా అప్పటికే ఏళ్ళకొద్దీ పాడినవాడు. మంట, దురద, నొప్పి ఏది వచ్చినా ఆ రోజుకు ఆపి, నీళ్ళు తాగి, మౌనంగా ఉండాలి. బొంగురు మూడు నాలుగు వారాలు దాటినా పోకపోతే, పాడేవారైనా పాడనివారైనా, చెవి–ముక్కు–గొంతు డాక్టరుకు చూపించుకోవాలి. ముఖ్యంగా బీడీ, చుట్ట, గుట్కా అలవాటున్నవారు ఆలస్యం చేయరాదు. అసలు మన గుడులలో గొంతులు పాడవుతున్నది ఇలాంటి విద్యలవల్ల కాదు. నలభై మంది పట్టే గదిలో రెండు పెద్ద స్పీకర్లు పెట్టి, దానిమీద అరవడం వల్ల. ఈ మాట పాస్టర్లకు కోపం తెప్పించినా సరే, అనక తప్పదు.

ఎనిమిదో రోజు రాత్రి ఆ అబ్బాయి అందరి ముందూ ఈల వినిపించాడు. చప్పట్లు కొట్టారు. అరుగు మీది తాత కూడా సంతోషించాడు. సంతోషించి, "తువా పాట పట్టినవు, బాగుంది బిడ్డా. మన డోలీలోళ్ళ పాట ఎవరు పడతరు?" అన్నాడు.

ఎవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

డోలీలంటే కోయలలో వంశాల చరిత్రను పాడే గాయకులు. కోయవారికి వారి వారి గట్టుల, వంశాల కథలు ఉన్నాయి. కొలుపుల్లో, జాతరల్లో, చావు కర్మల్లో డోలీలు వచ్చి, డోలు దెబ్బ మీద ఆ కథను రాత్రంతా పాడతారు. పడిగె అనే పొడవాటి త్రికోణపు గుడ్డ మీద బొమ్మలుంటాయి. చూసేవారికి అవి బొమ్మలు, డోలీకి అది గ్రంథం. దాన్ని చదవడం గొంతుతోనే. జయధీర్ తిరుమలరావు, గూడూరు మనోజ వంటి పరిశోధకులు ఈ పడిగెలను, డోలీల కథలను సేకరించడానికి చాలా శ్రమపడ్డారు.

ఈ విద్యకు మన కాలంలో పెద్ద పేరు సకిని రామచంద్రయ్య. ఊరు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు మండలంలోని కూనవరం. (శబరి కలిసే చోట ఉన్న, 2014లో ఆంధ్రప్రదేశ్‌కు పోయిన కూనవరం వేరు.) కంచుమేళం, కంచుతాళంతో సమ్మక్క, సారలమ్మ, పగిడిద్దరాజు మొదలైనవారి కథలను కోయలోనూ తెలుగులోనూ పాడేవాడు. మేడారం జాతరలో ఆయన పాట ఉండేది. 2022లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. 2024 జూన్‌లో ఆయన కన్నుమూశాడు.

డోలీ పాటలో తువా వారిలాగా రెండు స్వరాలున్నాయని నేను చెప్పడం లేదు. అది వేరు, ఇది వేరు. రెంటికీ ఉన్న సామ్యం నేర్చుకునే పద్ధతిలోనే ఉంది. రెండూ పుస్తకంలో దొరకవు. పాడేవాడి పక్కన కూర్చుని, ఊపిరి ఎక్కడ తీస్తున్నాడో, మాట ఎక్కడ విరుస్తున్నాడో, డోలు ఎక్కడ ఆపుతున్నాడో ఏళ్ళ తరబడి చూస్తేనే వచ్చేవి. పెన్యాకు దేశం కాని దేశం నుండి ఒక డిస్కయినా దొరికింది.

మన గుడుల సంగతి మాత్రం ఏమంత గొప్పగా ఉంది? ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరవండి. ప్రతి కీర్తన నెత్తిన రాగం పేరు, తాళం పేరు అచ్చయి ఉన్నాయి. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) మొదలుకొని ఆ పెద్దలు రాగం ఎంచుకుని రాశారు. ఆ పేరు చూసి ఆ రాగంలో ఎత్తుకోగలవారు మీ సంఘంలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. మా సంఘంలో ఒక్కరే ఉండేవారు, అక్షరం రాని ఒక అవ్వ. నూరు కీర్తనలకు పైగా నోటికి పాడేది. ఆమె పోయాక కీబోర్డులో ఉన్న తాళానికి కీర్తనను సర్దుకుంటున్నాం.

దుమ్ముగూడెం ప్రాంతానికి సువార్త వచ్చి నూట అరవై ఏళ్ళు దాటింది. గోదావరిలో పడవలు నడపాలని అక్కడ ఆనకట్ట పనులు చేయించిన ఇంజనీరు హేగ్ పూనికతో 1860ల తొలినాళ్ళలో చర్చి మిషనరీ సొసైటీ పని మొదలయింది. పడవల పథకం 1871లో ఆగిపోయింది, మిషను పని నిలిచింది. జాన్ కెయిన్ దొరగారు అక్కడ దశాబ్దాలు ఉండి కోయ భాష నేర్చుకున్నారు. కోయ భాషలో సువార్త భాగం పందొమ్మిదో శతాబ్దంలోనే అచ్చయింది. అంత దూరం నుండి వచ్చినవారు ఆ భాష నేర్చారు. ఆ ఊరి పిల్లల్లో కోయ మాట వినేవారున్నారు, అర్థమయ్యేవారున్నారు. పాడేవారు తక్కువ. డోలును గుడి గడప బయటే ఉంచాలనుకున్న పెద్దలు మనలో ఉన్నారు. వారి భయం వారిది. ఆ కథల్లోని దేవతలను మొక్కడం మన పని కాదు. కానీ అందులో మన తాతల వలసలున్నాయి, ఊళ్ళ పేర్లున్నాయి, యుద్ధాలున్నాయి, చనిపోయినవారి పేర్లున్నాయి. మొక్కకుండా వినవచ్చునని నేను అనుకుంటాను. ఒప్పుకోనివారు ఉత్తరం రాయండి, సంతోషం.

ఇదంతా ఆ రాత్రి నేను అనలేదు. అబ్బాయే లేచి తాత దగ్గరకు పోయి, ఫోను తెరిచి, రికార్డు మీట నొక్కి, "పాడు తాతా, పట్టుకుంటా" అన్నాడు.

"నాకు పాట రాదురా. నేను డోలీలోణ్ణి కాదు. విన్నోణ్ణి" అన్నాడు తాత. "దెబ్బ మాత్రం గుర్తుంది. చిన్నప్పుడు కొమ్ములు కట్టుకుని ఆడేటోళ్ళం."

"దెబ్బే చూపించు మరి."

తాత బియ్యం డబ్బా ఒకటి అడిగి తెప్పించుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. రెండు అరచేతులతో ఒకసారి తడిమాడు. ఫోను వైపు చూసి, "అది పక్కన పెట్టు. నా చెయ్యి చూడు" అన్నాడు. అబ్బాయి ఫోను అరుగు మీద బోర్లా పెట్టి ఎదురుగా కూర్చున్నాడు. మొదటి వరుస దెబ్బ అందుకోవడానికి వాడికి పావుగంట పట్టింది. రెండో వరుస దగ్గర తప్పాడు. తాత మళ్ళీ మొదటి నుండి ఎత్తుకున్నాడు. మళ్ళీ తప్పాడు. మళ్ళీ ఎత్తుకున్నాడు. చివరకు, పొద్దున్నే ఆకుకు పోవాలి లేవండని పెద్దమ్మ వచ్చి దీపం తీసుకుపోయేదాకా ఆ డబ్బా మోగుతూనే ఉంది.